వేడినీటి బుగ్గల దగ్గర మౌనం: బషో ‘ఓకు నో హొసొమిచి’లో యాత్రాస్మృతి

వ్యాస సంగ్రహం

జపాన్ కవి మత్సువో బషో (1644–1694) 1689లో ఉత్తర జపాన్ కొండసీమల్లో చేసిన కాలినడక యాత్రకు సాహిత్యరూపం ‘ఓకు నో హొసొమిచి’. ఈ గ్రంథంలో నాసు, ఈజుకా, యుదోనో, యమనక అనే నాలుగు వేడినీటి బుగ్గల సందర్భాలు ముఖ్యమైనవి. సహయాత్రికుడు సోరా రాసుకున్న దినచర్యతో పోల్చి చూసినప్పుడు, ఈ చోట్ల బషో జ్ఞాపకాన్ని కుదించడం, దాచడం, దాని క్రమాన్ని మార్చడం గమనించవచ్చు. ఆ మార్పుల స్వభావాన్ని, అవి యాత్రాసాహిత్య సత్యాన్ని గురించి లేవనెత్తే ప్రశ్నలను, తెలుగు యాత్రాసాహిత్య విమర్శకు వాటి ఉపయోగాన్ని ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలక పదాలు: యాత్రాసాహిత్యం, హైబున్, చంపువు, స్మృతి, ధ్వని, వేడినీటి బుగ్గలు, బషో, సోరా.

1. ప్రవేశిక

తెలుగు కావ్యలోకంలో కొండలు చూడాలన్న కోరికకు ప్రతినిధి ప్రవరుడు. అయితే పెద్దన ప్రవరుడు హిమాలయానికి నడిచి వెళ్ళలేదు. సిద్ధుడిచ్చిన పాదలేపం అతన్ని అక్కడికి చేర్చింది. చూడవలసినవి చూసి ఇంటిముఖం పట్టబోయేసరికి మంచునీటికి ఆ పసరు కరిగిపోయింది. కొండకూ ఇంటికీ ఉన్న దూరం, ఆ దూరం ముందు తన కాళ్ళ అశక్తత అప్పుడుగాని అతనికి తెలిసిరాలేదు. 1689 వసంతంలో ఎదో నగరం నుంచి బయలుదేరిన బషో కూడా ప్రయాణానికి ముందు కాళ్ళ సంగతే చూసుకున్నాడు. చిరిగిన లాగుకు అతుకు వేసి, టోపీకి కొత్త తాడు కట్టి, మోకాళ్ళ కింద మాచిపత్రి జాతి ఆకుపొడి కాల్చి వాత పెట్టుకున్న విషయాన్ని గ్రంథారంభంలోనే చెప్పాడు. పాదలేపం నడకను తప్పిస్తుంది. ఈ వాత నడకకు సిద్ధం చేస్తుంది. ‘ఓకు నో హొసొమిచి’ శరీరంతో చేసిన యాత్ర అని పాఠకుడికి మొదటి పుటల్లోనే అర్థమవుతుంది.

‘లోతట్టు సీమకు సన్నని దారి’ అన్నది ఈ శీర్షికకు స్థూలమైన అర్థం. సుమారు 5 నెలలు, దాదాపు 2,400 కిలోమీటర్లు సాగిన ఈ యాత్రలో అధికభాగం బషో వెంట శిష్యుడు సోరా ఉన్నాడు. యాత్ర 1689 శరత్తులో ఓగకి పట్టణం చేరడంతో ముగిసింది. గ్రంథం మాత్రం అప్పుడు పూర్తి కాలేదు. బషో దాన్ని ఏళ్ళ తరబడి దిద్దుతూ వచ్చాడు. సోర్యూ అనే లేఖకుడి చేత శుద్ధప్రతి తయారైంది 1694లో. అదే సంవత్సరం బషో మరణించాడు. అచ్చయింది 1702లో. సోరా దినచర్య 1943లో వెలుగులోకి వచ్చిన తరువాత, యాత్ర జరిగిన తీరుకూ గ్రంథం చెప్పిన తీరుకూ మధ్య ఉన్న తేడాలు స్పష్టమయ్యాయి. 1996లో బషో స్వహస్తప్రతిగా ప్రకటించిన రాతప్రతి బయటపడింది. దాని ప్రామాణ్యంపై చర్చ జరిగినా, అనేక చోట్ల కాగితపు ముక్కలు అతికించి పాఠాన్ని దిద్దిన తీరు పండితుల దృష్టిని ఆకర్షించింది.

తెలుగులో బషో ప్రధానంగా హైకూ కవిగానే పరిచితుడు. ఇస్మాయిల్ వంటి కవుల చేతుల్లో హైకూ తెలుగు కవితారూపాల్లో ఒకటిగా నిలిచింది. దానితోపాటు ‘హైకూ అంటే క్షణం’ అన్న భావన కూడా స్థిరపడింది. చూసిన క్షణాన్ని చూసినట్టే పట్టుకోవడం హైకూ లక్షణమని, బషో అందుకు ఆదర్శమని చెప్పడం పరిపాటి అయింది. ఆ క్షణాల చుట్టూ బషో ఎంత గద్యం అల్లాడో, ఆ అల్లికకు ఎన్నేళ్ళు తీసుకున్నాడో అంతగా పట్టించుకోలేదు. క్షణం కవిదే కావచ్చు గానీ గ్రంథం జ్ఞాపకానిది. ఆ జ్ఞాపకం పనిచేసిన తీరు వేడినీటి బుగ్గల సందర్భాల్లో మరింత తేటగా కనిపిస్తుంది. దృశ్యాన్ని దూరం నుంచి చూడవచ్చు. బుగ్గలోకి మాత్రం యాత్రికుడు బట్టలు విడిచి, అలసిన ఒళ్ళుతో దిగాలి. అక్కడ ఏమి చెప్పాడు, ఏమి చెప్పలేదు అన్నది అతని జ్ఞాపకానికి గట్టి పరీక్ష.

2. హైబున్, చంపువు, దినచర్య

గద్యం మధ్య హైకూలు పొదిగిన రచనను హైబున్ అంటారు. గద్యపద్యాల కలయిక తెలుగు పాఠకుడికి కొత్త కాదు. చంపూ సంప్రదాయం నన్నయ నుంచీ ఉన్నదే. అయితే రెండింటిలో కలయిక ధర్మం వేరు. చంపువులో గద్యపద్యాలు ఒకే కథను పంచుకుని మోస్తాయి. వచనం విడిచిన చోట పద్యం అందుకుంటుంది. హైబున్‌లో పద్యం గద్యాన్ని కొనసాగించదు. గద్యం ఒక చోట ఆగితే పద్యం కొంచెం పక్కగా, మరో వస్తువు దగ్గర మొదలవుతుంది. ఆ ఎడాన్ని పూరించుకోవడం పాఠకుడి పని. అందువల్ల హైబున్‌లో పద్యం ఉండటం ఎంత ముఖ్యమో, ఉండవలసిన చోట లేకపోవడం కూడా అంతే ముఖ్యం.

యాత్రావస్తువు దృష్ట్యా చూస్తే మరొక పోలిక అవసరమవుతుంది. ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే 18న చెన్నపట్టణం నుంచి బయలుదేరి 1831 సెప్టెంబరు 3న తిరిగివచ్చాడు. 1838లో అచ్చయిన ఆయన ‘కాశీయాత్ర చరిత్ర’లో మజిలీలు, దూరాలు, దారుల స్థితి, బసలు, దొరికే సామాను, స్థలాచారాలు రోజువారీగా కనిపిస్తాయి. తరువాత వచ్చే యాత్రికుడికి పనికిరావాలన్న ఉద్దేశం ఆ రచనకు బలం. జపాన్ యాత్రలో ఈ స్వభావానికి దగ్గరగా ఉన్నది బషో గ్రంథం కన్నా సోరా దినచర్య. తేదీ, వాతావరణం, బస, కలిసిన మనుషులు అందులో నమోదయ్యాయి. ఒకే యాత్రకు ఒక దినచర్య, ఒక సాహిత్యగ్రంథం రెండూ మిగలడం అరుదు. జరిగినదానికీ జ్ఞాపకంగా నిలిచినదానికీ మధ్య దూరాన్ని కొలిచే అవకాశం ఇక్కడ విమర్శకుడికి దొరుకుతుంది.

బషో యాత్రకు ప్రేరణ కూడా జ్ఞాపకమే, అయితే అది ఇతరుల జ్ఞాపకం. ప్రాచీన కవుల పద్యాల వల్ల ప్రసిద్ధికెక్కిన స్థలనామాలను జపాన్ సాహిత్యంలో ‘ఉతమకురా’ అంటారు. మన క్షేత్రమాహాత్మ్యాలు స్థలానికి దేవతాకథ వల్ల వచ్చిన మహిమను చెబుతాయి. ఉతమకురాకు ఆ మహిమ పూర్వకవి పద్యం వల్ల వస్తుంది. తగ కోట దగ్గరి ప్రాచీన శిలాశాసనం ముందు నిలబడినప్పుడు, కొండలు కూలాయి, నదులు దారి మార్చుకున్నాయి, పాత బాటలు పోయాయి, చెట్లు ముదిరి కొత్తవి మొలిచాయి, పూర్వస్మృతిలో ఏదీ నిశ్చయంగా మిగలలేదు అన్న భావాన్ని బషో వ్యక్తం చేస్తాడు. నిశ్చయంగా మిగిలినందుకే ఆ రాయి అతన్ని కదిలించింది. స్థలం నిలవదని తెలిసిన మనిషి రాసిన స్థలస్మృతి ఇది. నాలుగు బుగ్గలను ఈ దృష్టితో చూడాలి.

3. నాసు: విషం చిమ్మే రాయి

వేడినీటి బుగ్గ అనగానే తెలుగు పాఠకుడికి ముందుగా తీర్థం గుర్తుకు వస్తుంది. భద్రాచలం దగ్గర గుండాలలో గోదావరి ఒడ్డున ఊరే వేడినీటిని ఉష్ణగుండం అని పిలవడంలోనే ఆ భావన ఉంది. జపాన్‌లోనూ బుగ్గకు దైవసంబంధం ఉంది, వైద్యసంబంధమూ ఉంది. బషో గ్రంథంలో తొలి బుగ్గ మాత్రం పుణ్యానికీ స్వస్థతకూ ఎడంగా, మృత్యువు పక్కన కనిపిస్తుంది.

నాసు అగ్నిపర్వత ప్రాంతంలో వేడినీరు ఊరే కొండనీడన ‘సెస్షోసెకి’ అనే రాయి ఉంది. ఆ పేరుకు ‘ప్రాణం తీసే రాయి’ అని అర్థం. తొమ్మిది తోకల మాయనక్క సుందరిగా రాజాస్థానంలో చేరి, గుట్టు బయటపడి చంపబడి, రాయిగా మారిందని ఐతిహ్యం. ఆ చుట్టుపక్కల భూమిలోంచి గంధకపు విషవాయువులు వెలువడతాయన్నది దాని వెనుక ఉన్న భౌతిక కారణం. బషో గ్రంథంలో ఈ సందర్భం రెండు మూడు వాక్యాలకు మించదు. రాయి విషం ఇంకా తగ్గలేదని, తేనెటీగలు, సీతాకోకచిలుకలు చచ్చిపడి ఇసుక రంగు కనబడనంతగా పేరుకున్నాయని చెప్పి ముందుకు సాగిపోతాడు. నక్క కథను ఎత్తుకోడు.

ఈ క్లుప్తత గమనించదగినది. ప్రసిద్ధమైన ఐతిహ్యం చేతికి అందే దూరంలో ఉంది. దాన్ని వదిలి, చచ్చిన పురుగులను మాత్రమే ఉంచుకున్నాడు. పైగా నాసులో బషో రాయి వాసనను, ఎర్రబారిన వేసవి గడ్డిని, వేడెక్కిన మంచుబిందువులను వస్తువుగా చేసుకుని ఒక హైకూ చెప్పినట్టు సోరా రాతలవల్ల తెలుస్తోంది. గ్రంథంలో దానికి చోటు దొరకలేదు. అక్కడ ఉన్న పద్యం రాయిని చేరకముందు, గుర్రం తోలే మనిషి అడిగితే రాసి ఇచ్చినది. అంటే బుగ్గ దగ్గర పుట్టిన పద్యాన్ని తీసివేసి, దారిలో ఒక సామాన్యుడు కోరిన పద్యాన్ని నిలుపుకున్నాడు. రాయి దగ్గరకు వచ్చేసరికి గద్యం ఒక్కటే మిగిలింది. పురుగుల శవాల పక్కన పద్యం పెడితే బీభత్సానికి అలంకారం తొడిగినట్టయ్యేది. వాక్యాన్ని అలంకారం లేకుండా వదలడం వల్ల భయం భయంగానే నిలిచింది.

4. ఈజుకా: పద్యం లేని రాత్రి

రెండో బుగ్గ ఈజుకా. ఇప్పటి ఫుకుషిమ ప్రాంతంలోని ఈజకా వేడినీటి ఊరినే బషో ఈ పేరుతో రాశాడు. వేడినీళ్ళు ఉన్నాయి గనుక స్నానం చేసి బస వెతుక్కున్నట్టు గ్రంథంలో ఉంది. దొరికిన బస మట్టినేల మీద చాప పరిచిన బీద గుడిసె. దీపం లేదు. పొయ్యి వెలుగులోనే పడక. రాత్రి ఉరుములతో వాన, పైకప్పు కారడం, దోమలు, గోమార్లు. వీటికి తోడు పాత జబ్బు తిరగబెట్టి ప్రాణం పోయినంత పనైంది. తెల్లవారాక ఒళ్ళు సహకరించకపోయినా గుర్రం బాడుగకు తీసుకుని బయలుదేరాడు. ముందున్న దారి ఎంతో దూరం, శరీరం చూస్తే ఇలా ఉంది. మారుమూల సీమలకు బయలుదేరినప్పుడే అనిత్యతను ఒప్పుకున్నాను, దారిలో చస్తే అది దైవనిర్ణయం అనుకుని మనసు దిటవు చేసుకున్నాడు.

స్నానం గురించి ఒక్క మాట. ఆ తరువాత అంతా యాతన. బుగ్గ శరీరానికి ఇస్తుందనుకున్న హాయి ఆ రాత్రి దక్కలేదు. ఇక్కడ పద్యం లేదు. మన అలంకారశాస్త్ర పరిభాషలో చెప్పాలంటే ఈ భాగం గ్లాని, చింత, నిర్వేదాల మీదుగా ధృతి వైపు నడుస్తుంది. ఈ సంచారిభావాలన్నీ శరీరం నుంచే పుట్టాయి. ప్రవరుడు పసరు కరిగిన తరువాత పొందిన దైన్యానికి ఇది దగ్గరి బంధువు. తేడా ఏమిటంటే ప్రవరుడు ఇల్లు చేరడానికి దారి వెతుకుతాడు. బషో ఇంటికి ఇంకా దూరమయ్యే దారినే ఎంచుకుంటాడు.

సోరా దినచర్య ఇక్కడ ఆసక్తికరమైన సాక్ష్యం ఇస్తుంది. ఆ రాత్రి అక్కడ బస, స్నానం, వాన అందులో ఉన్నాయి. గురువు జబ్బు ప్రస్తావన లేదు. బషో రాత్రంతా ప్రాణాపాయంలో ఉండి ఉంటే శిష్యుడు రాయకుండా ఉంటాడా అన్న సందేహం సహజం. దీని ఆధారంగా ఈ సందర్భం కల్పన అని తేల్చేవారున్నారు. బషోకు దీర్ఘవ్యాధి ఉన్న మాట వాస్తవం. బహుశా అనేక రాత్రుల బాధ ఒక రాత్రిలోకి చేరి ఉంటుందన్న ఊహకు ఆస్కారం ఉంది. దానికన్నా ముఖ్యమైన ప్రశ్న, ఆ బాధను గ్రంథంలో ఎక్కడ పెట్టాడన్నది. హాయినిచ్చే చోటనే పెట్టాడు. వేడినీళ్ళు సైతం చేయలేని ఉపకారం మృత్యువును అంగీకరించిన మనసు చేసిందని ఈ అమరిక చెబుతుంది. బస మరెక్కడ ఉన్నా ఈ అర్థం ఇంత బలంగా వచ్చేది కాదు.

ఈజుకా తరువాత నరుకో వేడినీటి ప్రాంతం వస్తుంది. అక్కడ స్నానం ప్రసక్తే లేదు. ఆ మీదుగా వెళ్ళి షితోమయె సరిహద్దు ఠాణాలో కావలివాళ్ళ అనుమానాన్ని ఎదుర్కొని, కొండమీద సరిహద్దు కాపరి ఇంట్లో తుఫాను వల్ల 3 రోజులు చిక్కుకుపోయాడు. బుగ్గ పేరు మాత్రం చెప్పి, పద్యాన్ని గోమార్లు, పేలు, పక్కనే గుర్రం ఉన్న ఆ ఇంటికి కేటాయించాడు. శరీరసుఖాన్ని పక్కకు నెట్టి శరీరకష్టాన్ని ఉంచుకునే ధోరణి ఇక్కడా కొనసాగింది.

5. యుదోనో: చెప్పరాని నీరు

దెవా ప్రాంతంలోని హగురో, గస్సాన్, యుదోనో అనే మూడు కొండలు పర్వతతపస్వుల సంప్రదాయానికి నెలవు. గస్సాన్ ఎత్తు 1,984 మీటర్లు. కాగితపు దారం మెడలో వేసుకుని, తెల్లని తలకప్పు చుట్టుకుని, దారి చూపే మనిషి వెంట మబ్బుల్లో, మంచులో, హిమం మీద నడిచి, ఊపిరి అందక, ఒళ్ళు గడ్డకట్టి శిఖరం చేరేసరికి పొద్దుగుంకి చంద్రుడు వచ్చాడని బషో రాశాడు. గడ్డి పరుచుకుని రాత్రి గడిపి, పొద్దు పొడిచాక యుదోనోకు దిగాడు. దారిలో మంచు కింద ఆలస్యంగా మొగ్గ తొడిగిన మూడడుగుల చెర్రీ చెట్టును చూసి, వసంతాన్ని మరచిపోని దాని స్వభావానికి చలించాడు. అడవిసీమ వర్ణనలో ఇది ఈ గ్రంథంలోని ఉత్తమభాగాల్లో ఒకటి.

యుదోనో చేరగానే వర్ణన ఆగిపోతుంది. ఈ కొండలోని వివరాలు బయటివారికి చెప్పడం యాత్రికుల నియమం ప్రకారం నిషిద్ధం గనుక కలం ఆపుతున్నానని చెప్పి ఊరుకుంటాడు. యుదోనోలో ఆరాధ్యవస్తువు వేడినీరు పైనుంచి జాలువారే ఎర్రమట్టి రంగు పెద్ద రాయి. భక్తులు చెప్పులు విడిచి ఆ వెచ్చని తడి మీద నడుస్తారు. ఇప్పటికీ అక్కడ ఫొటోలు తీయనివ్వరు. బషో పాఠకుడికి ఇవేవీ తెలియవు. గ్రంథంలోని బుగ్గలన్నింటిలో అతి పవిత్రమైనది అతి తక్కువగా కనిపిస్తుంది.

బస చేరాక ఆలయాధికారి కోరిక మీద మూడు కొండలకు మూడు హైకూలు రాసి ఇచ్చాడు. మూడోది యుదోనో గురించినది. అందులో రాయి లేదు, నీరు లేదు. మాట పెగలని స్థితి, తడిసిన చేతిచెరగు మాత్రం ఉన్నాయి. జపాన్ కవితా సంప్రదాయంలో తడిసిన చెరగు కన్నీటికి గుర్తు. భక్తితో కళ్ళు చెమర్చాయన్నది ప్రకరణ బలంతో వచ్చే అర్థం. ‘యుదోనో’ అన్న స్థలనామానికి ‘వేడినీటి గది’, అంటే స్నానశాల, అనే అర్థం కూడా ఉంది. స్థలం పేరుగా వాడిన మాటలోంచి తడి అన్న మాట స్నానశాలను మేల్కొల్పుతుంది. చెరగు తడిసింది కన్నీటికా, రాయి మీంచి జారే వేడినీటికా అన్నది పాఠకుడికి వదిలేసిన ప్రశ్న. ఆనందవర్ధనుడు నిరూపించిన శబ్దశక్తిమూల ధ్వనికి ఇంతకన్నా చక్కని ఉదాహరణ పరసాహిత్యంలో వెతకడం కష్టం. అభిధ ప్రకరణానికి కట్టుబడి ఉంటుంది. అప్రాకరణికమైన అర్థం శబ్దం నుంచే స్ఫురిస్తుంది. నియమం అభిధకు అడ్డుపడింది, ధ్వనికి అడ్డుపడలేకపోయింది. చెప్పకూడదన్న ఆజ్ఞను బషో అక్షరాలా పాటించాడు. అయినా నీటి స్పర్శ పాఠకుడికి చేరింది.

ఇక్కడ సోరా పద్యాన్ని కూడా బషో పొందుపరిచాడు. దారిలో భక్తులు వదిలిన నాణేలు, వాటిని ఏరుకోని నియమం ఆ పద్యానికి వస్తువు. శిష్యుడి పద్యం ఆచారాన్ని చూపుతుంది. గురువు పద్యం అనుభవాన్ని దాస్తుంది. రెండింటినీ పక్కపక్కన ఉంచడంలో సంపాదకుడిగా బషో చూపిన వివేకం ఉంది. తేదీల విషయానికి వస్తే, గస్సాన్ ఆరోహణ 6వ నెల 8వ రోజున జరిగినట్టు గ్రంథంలో ఉండగా దినచర్య ప్రకారం అది 6వ రోజు. ఈ తేడాలో గూఢార్థం వెతకనవసరం లేదు. అయిదేళ్ళ జ్ఞాపకంలో తేదీ జారిపోవచ్చు. ప్రతి తేడానూ శిల్పంగా చూపాలనుకునే విమర్శ, ప్రతి తేడానూ అబద్ధంగా చూపే విమర్శ కన్నా మెరుగైనదేమీ కాదు.

6. యమనక: మార్చిన క్రమం

యాత్ర చివరి అంకంలో కగ ప్రాంతపు కొండలోయలోని యమనక వస్తుంది. దినచర్య ప్రకారం 7వ నెల 27 నుంచి 8వ నెల 5 వరకు, 8 రాత్రులు అక్కడ గడిచాయి. గ్రంథంలో ఇన్ని రోజుల ఊసు లేదు. స్నానం చేసిన సంగతి, ఆ నీటి గుణాన్ని ఒక ప్రసిద్ధ క్షేత్రం తరువాత అంతటిదిగా చెప్పుకుంటారన్న మాట ఉన్నాయి. శుద్ధప్రతిలో ఆ క్షేత్రం పేరు ‘అరియకె’ అని ఉండగా, వేడినీళ్ళకు పేరెన్నికగన్న ‘అరిమ’ అని సవరించుకోవాలని వ్యాఖ్యాతల అభిప్రాయం. తరువాతి హైకూ ఆ నీటి పరిమళం ముందు చేమంతుల అవసరం లేదన్న ధోరణిలో సాగుతుంది. చేమంతుల మీది మంచు తాగి శతాబ్దాలు జీవించిన బాలుడి చీనా కథ దానికి ఆధారం. నాలుగు బుగ్గల్లో నీటిని సూటిగా మెచ్చుకున్న చోటు ఇదొక్కటే.

మెచ్చుకోలు ముగియగానే దృష్టి మనుషుల మీదికి మళ్ళుతుంది. సత్రం యజమాని కుమెనొసుకె ఇంకా బాలుడే. అతని తండ్రికి హైకై కవిత్వం అంటే ప్రాణం. క్యోతో నుంచి వచ్చిన యువకవి తెయిషిత్సు ఆ తండ్రి ముందు తన అజ్ఞానానికి సిగ్గుపడి, తిరిగి వెళ్ళి గురువును ఆశ్రయించి పేరు తెచ్చుకున్నాడట. ప్రసిద్ధుడయ్యాక కూడా ఈ ఊరివారి పద్యాలు దిద్దినందుకు పారితోషికం తీసుకోలేదట. వేడినీటి ఊరు ఇక్కడ కవిత్వపు ఊరుగా మారింది. వెంటనే వియోగం వస్తుంది. కడుపునొప్పితో బాధపడుతున్న సోరా ఇసే ప్రాంతంలోని బంధువుల దగ్గరకు ముందుగా వెళ్ళిపోతాడు. ఇద్దరూ చెరొక పద్యం చెప్పుకుంటారు. యాత్రికుల టోపీ మీద ‘ఇద్దరం కలిసి నడుస్తున్నాం’ అని రాసుకునే ఆచారం ఉంది. బషో పద్యం ఆ రాతను చెరిపివేయడం గురించి. ఆ తరువాత జెన్షోజి ఆలయంలో ముందు రాత్రి సోరా బస చేసి వెళ్ళాడని తెలిసి, ఒక్క రాత్రి ఎడం వేయి క్రోసుల దూరంగా తోచిందని రాశాడు.

దినచర్య చెప్పే క్రమం వేరు. గ్రంథంలో నతదెర ఆలయ దర్శనం యమనకకు ముందు, దారిలో జరిగింది. వాస్తవంలో యమనకలో బస ముగిశాక బషో అక్కడికి వెళ్ళాడు. 8వ నెల 5న నతదెర వైపు బషో బయలుదేరాక సోరా తన దారిన వెళ్ళాడు. బషో ఒంటరి కూడా కాడు. కనజవా నుంచి వెంట వచ్చిన హొకుషి అనే కవి అతనితోనే ఉన్నాడు. గ్రంథంలో హొకుషి యమనకలో కనిపించడు. తరువాత అతను వీడ్కోలు తీసుకునే చోట మాత్రమే పేరు వస్తుంది. వెళ్ళినవాడు మిగిలినవాడయ్యాడు. తోడున్నవాడు కాసేపు అదృశ్యమయ్యాడు. ఆలయదర్శనం ముందుకు జరిగింది.

తేదీ తేడాకు చెప్పిన సమాధానం ఈ మూడు మార్పులకు చాలదు. ఇవన్నీ ఒకే దిశలో పనిచేస్తున్నాయి. వెచ్చని నీళ్ళలో, కవిత్వపు స్నేహంలో కొద్దిరోజులు సుఖంగా ఉన్న ఊరే వియోగస్థలం కావాలి. ఆ తరువాత యాత్రికుడు ఒంటరి కావాలి. నతదెర యమనక తరువాత వస్తే వియోగానికీ జెన్షోజి రాత్రికీ మధ్య మరో దర్శనం అడ్డు వచ్చేది, ఆ ఒక్క రాత్రి ఎడానికి బరువు తగ్గేది. ఈజుకాలో హాయి స్థానంలో వ్యాధిని పెట్టిన జ్ఞాపకమే, యమనకలో హాయి వెంటనే వియోగాన్ని పెట్టింది. దుఃఖం కల్పితం కాదు. దాదాపు 4 నెలలు వెంట నడిచిన శిష్యుడు విడిపోయిన మాట నిజం. ఆ దుఃఖానికి తగిన చోటు, తగిన క్రమం మాత్రం తరువాత దొరికాయి.

7. మారిన స్థలాలు, మిగిలిన పాఠం

బషో చూసిన అడవిసీమలు తరువాత ఎంతో మారాయి. మత్సుషిమ, కిసకత దీవులను పోలుస్తూ మొదటిది నవ్వుతున్నట్టు, రెండోది దుఃఖిస్తున్నట్టు ఉందని అతను రాశాడు. 1804 భూకంపంలో కిసకత నేల 2 మీటర్లకు పైగా పైకి లేచి ఉప్పుకయ్య ఎండిపోయింది. అప్పటి దీవులు ఇప్పుడు వరిపొలాల మధ్య దిబ్బలుగా ఉన్నాయి. నాసులోని సెస్షోసెకి 2022 మార్చిలో రెండుగా చీలి కనిపించింది. తగ కోట శాసనం ముందు అతను తలపోసినది అతను చూసిన స్థలాలకే వర్తించింది. ఇలాంటి స్థితిలో యాత్రాగ్రంథాన్ని కేవలం స్థలసమాచారంగా చదివితే దాని విలువ స్థలంతోపాటే కరిగిపోతుంది. ఇసుకను కప్పేసిన పురుగులు, దీపం లేని గుడిసె, తడిసిన చెరగు, చెరిగిపోయే రాత మాత్రం స్థలం మారినా మిగిలాయి.

8. ముగింపు

నాలుగు బుగ్గల దగ్గర బషో జ్ఞాపకం నాలుగు విధాలుగా ప్రవర్తించింది. నాసులో పద్యాన్ని తొలగించింది. ఈజుకాలో బాధను కేంద్రీకరించింది. యుదోనోలో నియమానికి లోబడి ధ్వనిని ఆశ్రయించింది. యమనకలో సంఘటనల క్రమాన్ని మార్చింది. నాలుగింటిలోనూ నీటి వర్ణన స్వల్పం. శరీరానికి అతి దగ్గరగా వచ్చిన అనుభవాన్ని అతి తక్కువ మాటల్లో చెప్పడం ఈ గ్రంథపు పద్ధతి అని దీనివల్ల తేలుతుంది.

తెలుగు విమర్శకు ఇందులో రెండు విషయాలు గ్రహించదగినవి ఉన్నాయి. మొదటిది హైకూకు సంబంధించినది. బషోను ఆధారం చేసుకుని ‘క్షణం’ సిద్ధాంతాన్ని నిలబెట్టేటప్పుడు, ఆ క్షణాలను అయిదేళ్ళు దిద్దిన, కొన్నింటిని తీసివేసిన, కొన్నింటి స్థానం మార్చిన గద్యకారుడిని కూడా లెక్కలోకి తీసుకోవాలి. హైకూను గద్యం నుంచి విడదీసి అనువదించినప్పుడు యుదోనో పద్యంలోని మౌనానికి కారణమే కనిపించదు. హైబున్‌ను సమగ్రంగా తెలుగులోకి తెచ్చే ప్రయత్నాలకు చంపూ సంప్రదాయం తెలిసిన తెలుగు పాఠకుడు సహజంగానే సిద్ధంగా ఉన్నాడు.

రెండోది యాత్రాసాహిత్యానికి సంబంధించినది. యాత్రాచరిత్రలను అవి ఇచ్చే సామాజిక, చారిత్రక సమాచారం ఆధారంగా విలువ కట్టడం తెలుగులో బలంగా ఉంది. ‘కాశీయాత్ర చరిత్ర’ వంటి రచనల విషయంలో అది పూర్తిగా న్యాయమైనదే. సోరా దినచర్య లేకపోతే బషో చేసిన మార్పులే తెలిసేవి కావు గనుక నమోదు విలువను తగ్గించి చూడటానికి వీలులేదు. అయితే నమోదు ఒక్కటే కొలబద్ద అయితే బషో గ్రంథం లోపభూయిష్టమైన దినచర్యగా మిగులుతుంది. యాత్రికుడు ఏమి చూశాడన్న ప్రశ్నతోపాటు, చూసినదాంట్లో ఏది చెప్పకుండా వదిలాడు, ఎక్కడ ఆగిపోయాడు, ఏ అనుభవాన్ని ఏ చోటికి చేర్చాడు అన్న ప్రశ్నలను కూడా తెలుగు యాత్రారచనల ముందు ఉంచవలసి ఉంది. ఉత్తరాలు, దినచర్యలు, తొలి ప్రతులు లభించే చోట ఈ పరిశీలన సాధ్యమే. ఆ పని జరిగినప్పుడు యాత్రాచరిత్ర చరిత్రకు ఆకరంగానే గాక సాహిత్యంగా కూడా నిలబడుతుంది.